తప్పుల కాగితం

"మూడో కాగితం దొరికేదాకా నేను కంచం ముందు కూర్చోను," అంది కోడలు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఇంట్లో అందరికీ కాస్త తేలికగా ఉండేది.

వడ్డించిన ఐదు కంచాలూ బల్ల మీద ఆరిపోతున్నాయి. ఫైలులో ఉండాల్సిన కాగితాలు నాలుగు. నిన్న పడుకోబోయే ముందు కోడలు లెక్క చూసుకున్నప్పుడు నాలుగూ ఉన్నాయి. ఈ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మూడే ఉన్నాయి.

ఆ సంగతి మొదట పట్టుకున్నది ఆడపడుచు. పక్క వీధిలో కాపురం, ఒక ఆఫీసులో టైపు ఉద్యోగం. వదిన చేతిరాతను శుభ్రంగా టైపు చేసి పెడతానని ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పొద్దున్నే వచ్చింది. మొదటి కాగితం అయింది, రెండోది అయింది, ఆ తరవాత చేతికి నాలుగోది తగిలింది.

"మనుషుల లోపల ఏముందో చూసి చెప్తావంటారు కదా వదినా, మంచం కింద ఏముందో చెప్పలేవూ?" అని నవ్వించబోయింది. ఎవరూ నవ్వలేదు. చివరికి తనే వంగి మంచం కింద చూసింది.

సోఫా దిండ్లు లేచాయి. పాత పేపర్ల కట్ట విప్పారు. చెత్తబుట్ట వాకిట్లో బోర్లించి, మళ్లీ ఎత్తారు.

మామగారు, మాస్టరు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. నలభై ఏళ్లు ఒకే కొట్టులో కటింగ్ మాస్టరుగా చేసి కత్తెర దించాడాయన. దించి ఆరేళ్లయినా ఇంటా బయటా అందరికీ ఇంకా మాస్టరే. మాట పొదుపు మనిషి. గుడ్డను కొలిచినట్టు మాటను కూడా కొలిచి, కొలిచినదాంట్లో సగం తనే ఉంచుకుంటాడని ఆయన భార్య అంటుంది. ఇప్పుడు ఆయన చొక్కా జేబులో, కళ్లజోడు డబ్బా వెనకాల, నాలుగు మడతలు పడి ఆ మూడో కాగితం ఉంది.

తేలు కుట్టిన దొంగ అరవలేడు. మాస్టరు కళ్లజోడు డబ్బాను జేబులో ఇంకాస్త కిందికి నొక్కుకున్నాడు.

కొడుకు భూములు కొలిచే సర్వేయరు. పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా వసారాకీ గదికీ మధ్య తిరిగి తిరిగి, చివరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పోతే పోయింది. పోవడమే మంచిదయింది," అన్నాడు.

కోడలు అతని వంక చూసి, ఫైలు మళ్లీ మొదటినుంచి తిప్పింది.

వారం రోజులుగా ఇంట్లో నలుగుతున్నది ఆ కాగితమే. కోడలు పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలూ స్కానింగులూ చదివి రిపోర్టు రాసే డాక్టరు. వార్డుల్లో ఆమెను నీడల డాక్టరమ్మ అంటారు. ఆరు నెలల కిందట అక్కడ వరండాలో ఒక తెర బిగించారు. ఎవరు ఎన్ని ఫిల్ములు చదివారో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాని మీద అంకెలు పరుగెడుతుంటాయి. పేర్లు పైకీ కిందికీ జరుగుతుంటాయి. ఉన్న నలుగురిలో కోడలి పేరు ఐదు నెలలుగా అడుగునే కూర్చుంది.

అడుగున కూర్చున్నవాళ్లను ఊరికి ఆ చివరనున్న రీడింగు సెంటరుకు పంపిస్తారు. అక్కడ రోగి ఉండడు. జూనియర్లు ఉండరు. ఫిల్ము తీసే మనిషి కూడా ఉండడు. కిటికీ లేని గదిలో కూర్చుని, ఎక్కడెక్కడినుంచో వచ్చిపడే ఫిల్ములను చదివి పంపుతూ ఉండటమే. పంపే ముందు ఒక్క అవకాశం ఇచ్చారు. చదవడం కాక ఇంకేం పని చేస్తున్నారో రాసి ఇవ్వండి, సోమవారం పది గంటలకు కమిటీ కూర్చుని చూస్తుంది అన్నారు.

కోడలు మొదటి రెండు కాగితాల్లో పాఠాలు చెప్పిన రోజులూ, టెక్నీషియన్లకు నేర్పిన పనులూ ముక్తసరిగా రాసింది. నాలుగో దాంట్లో తన దగ్గర నేర్చుకుని వెళ్లినవాళ్ల పేర్లు రాసింది. మూడో కాగితం నిండా తన తప్పులు రాసింది. పదేళ్లలో ఉన్న జబ్బు తన కంటికి ఆనకుండా పోయిన పదకొండు ఫిల్ములు, వరస నంబర్లు వేసి.

ప్రతి గురువారం మధ్యాహ్నం ఆమె జూనియర్లను కూర్చోబెడుతుంది. ఆ పదకొండింట్లో ఒకదాన్ని గోడకు పెట్టి, ఇందులో నేనేం చూడలేదో చెప్పండి అని అడుగుతుంది. ఆ గంటసేపూ వరండా తెర మీద ఆమె అంకె కదలదు.

ఇదంతా భర్తకు వారం కిందటే చెప్పింది. అతను వారంనుంచీ ఒకే పాట పాడుతున్నాడు. ఇప్పుడు మళ్లీ ఎత్తుకున్నాడు.

"ఫలానా పొలంలో హద్దురాయి తప్పు పాతానని నా అంతట నేనే రాసిస్తే నన్నేమంటారు? శభాష్ అని భుజం తడతారా?"

"తప్పు పాతితే మీరేం చేస్తారు?" అంది కోడలు.

"ఎవరికీ తెలీకుండా పీకి సరైన చోట పాతుతాను."

"ఫిల్ముకి ఆ వీలు లేదు."

"వీలు లేదని ఊరంతా చాటింపు వేసుకోవాలా? కమిటీలో ఆ పెద్ద డాక్టరు నీ మీద పళ్లు నూరుతున్నాడు. చేతికి కర్ర నువ్వే ఇస్తానంటే ఇంక నేనేం చెప్పను?"

చెప్పను అని చెప్పి చాలాసేపు చెప్పాడు. ఈ వయసులో ఊరికి ఆ చివరకు రోజూ రెండు బస్సులు మారాలన్నాడు. నీకు మనుషులు కావాలి, ఆ చీకటి గదిలో ఆరు నెలలకు మించి ఉండలేవన్నాడు. అందులో అబద్ధం లేదు. అతను భయపడేది తన కోసం కాదని మాస్టరుకు తెలుసు. కాని భయపడేవాడి మాట ఎప్పుడూ కసిరినట్టే ఉంటుంది.

కోడలు అంతా విని, బల్ల అంచు మీద చెయ్యి ఆనించి, నెమ్మదిగా అడిగింది.

"మీరే తీశారా?"

ఆడపడుచు చెత్తబుట్ట పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమన్నావు?" అన్నాడు కొడుకు.

"వద్దు వద్దని వారంనుంచీ అంటున్నది మీరొక్కరే కదా."

"అన్నాను. మొహం మీదే అన్నాను." కొడుకు మొహం ఎర్రబడింది. "పదహారేళ్ల కాపురంలో నీ బ్యాగులో చెయ్యి పెట్టానా? నీ ఫోను ముట్టుకున్నానా? ఇవ్వాళ దొంగనయ్యానా నీకు?"

అతను కుర్చీని గోడ వైపు తిప్పుకున్నాడు. పిల్లలు అలిగితే అలా కూర్చుంటారు, నలభై అయిదేళ్ల మగవాడు అలా కూర్చుంటే చూడటం కష్టం. ల్యాప్‌టాప్ తెర తనంతట తనే ఆరిపోయింది. వంటింటి గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద మాస్టరు భార్య, పెద్దావిడ, కూర్చుని ఉంది. ఆవిడకు నాలుగేళ్ల కిందట కుడి ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేశారు. అప్పటినుంచి నాలుగడుగులు వేస్తే ఒకచోట ఆగుతుంది. ఇప్పుడూ అలా ఆగి కూర్చుంది, కాని ఆయాసానికి ఆగినట్టు లేదు.

మాస్టరుకు జేబులో కాగితం బరువెక్కింది.

తెల్లవారకముందే లేవడం ఆయనకు కొట్టు రోజులనుంచీ అలవాటు. ఈ ఉదయం మంచినీళ్ల కోసం వచ్చి బల్ల మీద ఫైలు చూశాడు. తప్పులు రాసుకునే డాక్టరుంటుందా అని వారంనుంచీ ఆయనకూ కుతూహలంగానే ఉంది. కిటికీ దగ్గరికి జరిగి, వేలు కింద పెట్టుకుని ఒక్కొక్క అక్షరమే చదివాడు. ఆరు తప్పులు దాటాడు. ఏడో నంబరు ఇలా ఉంది:

'స్త్రీ, అరవై ఒక్క ఏళ్లు. మెట్ల మీద జారి పడ్డారు. కుడి భుజం ఫిల్ము. మెడ కింద ఎముక విరిగింది. అది చూసి ఆగిపోయాను. ఫిల్ము మూలలో ఊపిరితిత్తి పై అంచు కనిపిస్తోంది. అక్కడ బఠాణీ గింజంత మచ్చ ఉంది. చూడలేదు. ఎనిమిది నెలల తరవాత బయటపడింది. ఊపిరితిత్తిలో ఒక భాగం తియ్యాల్సి వచ్చింది. చూడకపోవడానికి కారణం: ఎముకేనని తెలిసి ఊరటపడ్డాను.'

చివరి మాట దగ్గర ఆయన వేలు ఆగింది. ముక్కూ మొహం తెలియని మనిషికి ఎముక విరిగితే డాక్టరుకు ఊరట ఎందుకు?

మెట్లు ఈ ఇంటివే. పడ్డది తన భార్య.

మొదట కోపం రగిలింది. వంటింటి దాకా నడిచేలోపే అది చల్లారింది. అప్పుడొక భయం పట్టుకుంది. ఇది టైపు చేస్తూ కూతురు చదువుతుంది. కూతురు చదివితే కొడుక్కి తెలుస్తుంది. అన్నిటికన్నా ముందు, పాపం ఆవిడకు తెలిస్తే? కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మంచి పనే చేస్తున్నాననుకున్నాడు.

ఇప్పుడు చూస్తే ఆలుమగల మధ్య గొడ్డలి పెట్టినట్టయింది.

గోడ వైపు తిరిగిన కొడుకు వీపునూ, బల్లకు ఆనుకున్న కోడలి చేతినీ మార్చి మార్చి చూశాడు మాస్టరు. ఆపరేషన్ అయిన కొత్తలో భార్యను చెకప్‌కు తీసుకువెళ్లినప్పుడు ఒక పూటంతా ఆ చేతిని చూశాడాయన. కోడలి గది ఎదురుగా బెంచీ మీద కూర్చుని, వేరే పని లేక, ఆమె పని చూశాడు.

చంటిపిల్లాడి ఫిల్ము చెదిరిపోయిందని టెక్నీషియన్ అమ్మాయి భయపడుతూ వచ్చింది. కోడలు ఒక్క మాటనలేదు. లేచి ఆ అమ్మాయితో పాటు వెళ్లింది. పిల్లాణ్ని ఎలా పట్టుకోవాలో, ఎప్పుడు మీట నొక్కాలో చూపించి ఇరవై నిమిషాలకు వచ్చింది. వచ్చేసరికి ఒక సర్జన్ నిలబడి ఉన్నాడు, ఎటువైపునుంచి కొయ్యాలని. బొమ్మ గీసి ఇచ్చింది. వార్డునుంచి ఫోను వచ్చింది. నాలుగు ప్రశ్నలడిగి, ఈ స్కానింగు అవసరం లేదు, ఊరికే తిప్పకండి ఆయన్ని అని పెట్టేసింది. ఆ పూట ఆమె చదివిన ఫిల్ములు తొమ్మిది. కుర్చీలోంచి లేచింది ఇరవైరెండు సార్లు. మాస్టరు లెక్కపెట్టాడు.

ఆయనకు కొట్టు గుర్తొచ్చింది. కుట్టేవాళ్లకు రోజుకు ఇన్ని పీసులని లెక్క. కోసేవాడి లెక్కలో ఒక్క చొక్కా కూడా ఉండదు. కాని ఎవరి చొక్కా అయినా చంకలో పట్టేస్తే అందరూ తలతిప్పి చూసేది కోసేవాడి వైపే. మరి వద్దని ఆపేసిన స్కానింగుకు తెర మీద ఏ అంకె వేస్తారు?

ఆ పూట ఇంటికొచ్చి ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. మెచ్చుకోలు కూడా ఆయన దగ్గర జేబులోనే ఉండిపోతుంది.

మాస్టరు లేచాడు. కళ్లజోడు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన కాగితం పెట్టాడు.

"వాడు కాదమ్మా. నేను."

ముగ్గురూ ఒకేసారి తిరిగారు. పెద్దావిడ మాత్రం తిరగలేదు. ఆవిడ మొదటినుంచీ ఆయన్నే చూస్తోంది.

"మీరా మామయ్యగారూ?" కోడలి గొంతులో కోపం లేదు. ఆ ఒక్కమాటతో ఆమెకు అన్నీ తెలిసిపోయాయి. ఈయన ఏడో నంబరు చదివాడు.

"మీరెందుకు తీశారు నాన్నా?" అన్నాడు కొడుకు.

దానికి నేరుగా జవాబు చెప్పకుండా మాస్టరు మఖమల్ గుడ్డ గురించి మొదలుపెట్టాడు. ఇంట్లోవాళ్లు ఎప్పుడూ విననిది అది. మఖమల్‌కు నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేస్తుంది. ముక్కలన్నీ ఒకే దిక్కున పెట్టి కొయ్యాలి. ఒక్క ముక్క తలకిందులైతే బల్ల మీద ఎవడికీ తేడా తెలియదు. కుట్టి వెలుతురులోకి తెచ్చాక ఒక చెయ్యి ఒక రంగు, రెండో చెయ్యి ఇంకో రంగు. కత్తెర పట్టిన ఎనిమిదో ఏట తను అలా ఒక కోటు పాడుచేశాడు. కొట్టు యజమాని చూడకముందే ముక్కల సంచీలో అడుక్కి తోసేసి, వేరే గుడ్డతో మళ్లీ కోశాడు. ఒక్క పురుగుకు కూడా తెలియనివ్వలేదు.

మూడేళ్ల తరవాత తన చేతికింద పని నేర్చుకుంటున్న మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, అచ్చం అలాగే ఇంకో కోటు కోశాడు. యజమాని ఇంతమాత్రం తెలీదా అని అతన్ని ఆ పూటే పంపేశాడు. కత్తెర చేత్తో పట్టుకుని మాస్టరు పక్కనే నిలబడి ఉన్నాడు.

"నా కోటు సంగతి ఒక్కసారి నోరు విప్పి చెప్పుంటే, ఆ మనిషి గుడ్డను అలా పెట్టేవాడు కాదు," అన్నాడు మాస్టరు. "చెప్పలేదు. అంతే."

ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడి ఎన్నేళ్లయిందో. కూర్చున్నాడు.

కూతురు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమెకు కూడా జోకు తోచలేదు.

కొడుకు కాగితం మడతలు విప్పాడు. కొలతలు రాసుకునే మనిషి కాబట్టి ఒక్క వరస కూడా వదలకుండా పైనుంచి చదువుతాడని మాస్టరుకు తెలుసు. ఒకటి, రెండు, మూడు. పెదవులు కదులుతున్నాయి. ఏడు దగ్గర పెదవులు ఆగాయి.

తలెత్తాడు. చూసింది పెళ్లాం వైపు కాదు.

"అమ్మా, నువ్వు మెట్ల మీద పడ్డప్పుడు దెబ్బ తగిలింది ఏ భుజానికి?"

"కుడి," అంది పెద్దావిడ. "అన్నం చల్లారిపోతోంది రా."

"ఇది నువ్వేనా?"

"నేనే. చదివావుగా, మళ్లీ అడగడం ఎందుకు?"

మాస్టరు చేతిలో నీళ్ల గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. ఆవిడకు తెలుసు. ఎవరి కోసమని పొద్దుటినుంచీ కాగితాన్ని గుండెకు అదుముకుని తిరిగాడో ఆవిడకు ఎప్పుడో తెలుసు.

కొడుకు కోడలి వైపు తిరిగాడు. అరుస్తాడనుకున్నారు. అరవలేదు.

"నాలుగేళ్లు," అన్నాడు. "నాలుగేళ్లు నా పక్కనే ఉన్నావు."

"చెప్పాలని చాలాసార్లు..."

"నేనే వద్దన్నాను," అంది పెద్దావిడ. లేచి, గోడ పట్టుకుని రెండడుగులు వేసి, ఆగి, మళ్లీ అందుకుంది. "ఆపరేషన్ ముందురోజు నా మంచం పక్కన కూర్చుని ఇది చెప్పింది. కాళ్లు పట్టుకోలేదు. ఏడవలేదు. ఇక్కడ చూడాల్సింది అత్తయ్యా, చూడలేదు, అని ఫిల్ము మీద వేలు పెట్టి చూపించింది. నన్ను తిట్టమంది. నాకప్పుడు తిట్టేంత ఊపిరి ఎక్కడుంది?"

"అమ్మా, నవ్వులాట కాదిది."

"నవ్వులాటే. ముప్పాతిక ఊపిరితోనే ఇంత మాట్లాడుతున్నా. మొత్తం ఉంటే మీ నాన్న బతికేవాడా?"

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పెద్దావిడ కొడుకు కుర్చీ దాకా వచ్చి దాని వీపు పట్టుకుంది. "నీకు చెప్తే ఏమయ్యేది? నేను మెట్లెక్కి ఆయాసపడ్డప్పుడల్లా నువ్వు దాని మొహం చూసేవాడివి. ఆ చూపు నేను బతికుండి చూడాలా? అందుకని వద్దన్నా. నీ దగ్గర చదువుకునే పిల్లలుంటారు కదా, వాళ్లకు చూపించుకో నా ఫిల్ము అన్నా. ఇంకొకామెకన్నా పనికొస్తుంది."

కొడుకు కాగితాన్ని మళ్లీ మడిచి బల్ల మీద పెట్టాడు. అది అత్తాకోడళ్ల మధ్య మాట, దాంట్లోకి తను రానన్నాడు. కాని కమిటీ ముందు పెట్టడం వేరు అన్నాడు. సొంత అత్తగారి ఫిల్మునే చూసుకోలేని డాక్టరు అని ఆ పెద్ద డాక్టరు ఒక్కమాటంటే, ఇంక తక్కిన నాలుగు కాగితాలూ ఎవరూ చదవరన్నాడు.

"మూడు," అంది ఆడపడుచు మెల్లగా.

"ఏడోది తీసెయ్," అన్నాడు అతను పెళ్లాంతో. "మిగతా పదీ పెట్టుకో. నేను కాదనను."

కోడలు అప్పటికి కూర్చుంది. కంచం ముందు కాదు, అతని ఎదురుగా.

"ఏడోది తీసేస్తే మిగతా పదీ ఎందుకు రాశానో తెలీదండీ. ఆ ఫిల్ము తరవాతే నేను చదివే పద్ధతి మార్చుకున్నాను. వెతికింది దొరకగానే కన్ను పని అయిపోయిందనుకుంటుంది. అందుకని దొరికాక కళ్లు తిప్పేసి, గోడ చూసి, మళ్లీ మొదటినుంచి చూడాలి. నా దగ్గర నేర్చుకున్నవాళ్లందరి చేతా అదే చేయిస్తాను. మొదట్లో సణిగారు. ఇప్పుడు వేరే ఆసుపత్రులకు వెళ్లినవాళ్లు ఫోను చేస్తారు, మేడమ్, రెండోసారి చూస్తే దొరికింది అని." కొంచెం ఆగింది. "తక్కిన డాక్టర్లు మూడు చదివేసరికి నేను రెండు చదువుతాను. తెర మీద అడుగున ఉన్నది అందుకే. ఆ రెండో చూపు ఎందుకొచ్చిందో రాయకుండా ఇంకేం రాయమంటారు?"

"రాసినా పంపించేస్తే?"

"వెళ్తాను. అక్కడా రెండుసార్లే చూస్తాను."

మాస్టరు తల దించుకున్నాడు. ఆయన కళ్లు తడిసిన సంగతి కూతురు ఒక్కతే చూసింది. చూసి ల్యాప్‌టాప్ తెర తుడవడం మొదలుపెట్టింది.

"ఒక్కమాట," అంది కోడలు. "అది మీ అమ్మగారి ఫిల్ము. అత్తయ్య సరేనన్నారు. మామయ్యగారు కాగితం వెనక్కి ఇచ్చారు. మీరు వద్దంటే పెట్టను. అప్పుడు ఫైలు కూడా పంపను. సగం నిజం రాసి ఇవ్వడం నాకు రాదు."

ఇంట్లో అందరి చూపూ కొడుకు మీద పడింది. ఎన్నో పొలాల తగాదాల్లో మధ్య నిలబడిన మనిషి, ఇక్కడ ఎటు అడుగు వెయ్యాలో తెలియక కూర్చున్నాడు.

పెద్దావిడ లోపలి గదిలోకి వెళ్లింది. బీరువా తెరిచిన చప్పుడయింది. నెమ్మదిగా నడిచి, గుమ్మంలో ఒకసారి ఆగి, చీరల కింద దాచిన పెద్ద కవరొకటి తెచ్చి కొడుకు ఒళ్లో పెట్టింది. అది ఇంట్లో ఉన్నట్టు కోడలికి కూడా తెలియదు.

"చూసి చెప్పు," అంది. "చూడకుండా వద్దనకు."

అతను కవరులోంచి ఫిల్ము లాగాడు. కిటికీ దగ్గరికి వెళ్లి, పటాలను ఎత్తి చూసినట్టే రెండు చేతులతో వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. మధ్యాహ్నపు ఎండ ఆ నల్లటి ఫిల్ములోంచి అతని మొహం మీద పడింది.

విరిగిన ఎముక మాస్టరుకు కూడా కూర్చున్న చోటినుంచే కనిపించింది. విరిచిన చెరుకు ముక్కలా రెండు ముక్కలూ ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి.

"మూలన అని రాశావు కదూ," అన్నాడు కొడుకు. వెతికాడు. "ఇదేగా? తెల్లగా, గుండ్రంగా?"

కోడలు వెనకనుంచి చూసింది. "అది అత్తయ్య జాకెట్టు హుక్కు."

ఆడపడుచు ఫక్కున నవ్వింది. పెద్దావిడ కూడా నవ్వబోయి దగ్గింది. కొడుకు నవ్వలేదు. ఫిల్మును ఇంకాస్త పైకెత్తి, ఊపిరి బిగబట్టి చూశాడు. ఒకటి రెండుచోట్ల వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. గోడ గడియారం కింద అయిదు కంచాలూ అలాగే ఉన్నాయి.

"ఇది..." అన్నాడు చాలాసేపటికి. "పక్కటెముక కింద, మసగ్గా. ఇదా?"

"అదే."

"ఇంతేనా? ఇంత చిన్నదా?"

"ఎముక అంత పెద్దగా అరుస్తుంటే ఇది వినపడలేదండీ," అంది కోడలు.

కొడుకు ఫిల్మును కిందికి దించాడు. ఆమెకు ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి చాచలేదు. టైపు చెయ్యాలా వద్దా అన్నట్టు ఆడపడుచు వేళ్లు మీటల మీద ఆగి ఉన్నాయి. అతను పెట్టమనలేదు, వద్దనలేదు. కిటికీ పక్కన వెల్లగోడ వంక కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

తరవాత ఎవరూ చెప్పకుండానే ఫిల్మును మళ్లీ వెలుతురుకు ఎత్తాడు. ఈసారి పై మూల నుంచి మొదలుపెట్టాడు.